నేల కోలుకునే లెక్కలో మన పల్లె ఎక్కడ?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మొక్కల మీద వ్యాసం లేని సంవత్సరం బహుశా లేదు. 'వృక్షో రక్షతి రక్షితః' అని మొదలై, ప్రతి విద్యార్థీ ఒక మొక్క నాటాలి అని ముగుస్తుంది. ఆ వ్యాసాలు రాసిన తమ్ముళ్ళను, చెల్లెళ్ళను తప్పుపట్టాలని కాదు. కానీ ఆగస్టులో నాటిన మొక్క మార్చికల్లా ఎండిపోవడం, మళ్ళీ ఆగస్టులో అదే గుంటలో ఇంకో మొక్క పెట్టి ఫోటో దిగడం మనందరం చూస్తున్నదే. అందుకని ఈసారి మేము వేరే ప్రశ్న అడగదలచుకున్నాం. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానంలో నేల, నీరు, పురుగు, పిట్ట మళ్ళీ కోలుకోవాలంటే ఏం చెయ్యాలి? అది ఎవరు కూర్చుని నిర్ణయించాలి? ఆ నిర్ణయం జరిగే చోట మిరపకోతకు పోయే మన అమ్మలకు, మందు కొట్టే మన నాన్నలకు కుర్చీ ఉంటుందా?

మేము అంటే ఈ హాస్టల్లో ఉండి చదువుకుని, ఇప్పుడు పీజీ చేస్తున్నవాళ్ళం. మాలో ఎక్కువమంది ఇళ్ళలో డిగ్రీ పట్టా చేతితో పట్టుకున్న మొదటి తరం మేమే. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతే పత్తి తీతకో మిరపకోతకో పోయి, ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కున్నవాళ్ళమే. కాబట్టి ఈ మాటలు కిటికీలోంచి పొలాన్ని చూసి చెప్పేవి కావు. ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో మన రెండు జిల్లాలనూ విడగొట్టి పల్నాడు, బాపట్ల జిల్లాలు చేశారు. అయినా ఈ వ్యాసంలో పాత పేర్లే వాడుతున్నాం. వాగుకు కలెక్టరేటు ఎక్కడుందో తెలియదు.

ముందు ఈ నేల ఇలా ఎందుకయిందో చూద్దాం. మన తాతల కాలంలో రేగడి చేలలో జొన్న, వరిగ, కొర్ర, కంది, శనగ, ఆముదం కలగలిపి పండేవి. జొన్న గింజ మనిషికి, చొప్ప గొడ్డుకు. ఒంగోలు గిత్త అని ప్రపంచమంతా చెప్పుకునే పశువు గుండ్లకమ్మకూ మూసికీ నడుమ ఈ చొప్ప తిని, డొంకల్లో, బీళ్ళలో మేసి పెరిగిందే. ఆ జాతి ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్ళి అక్కడ నెలోర్ పేరుతో లక్షలు, కోట్లుగా పెరిగింది. ఇక్కడ మాత్రం దానికి మేత లేకుండా పోయింది. ఎందుకు పోయింది? 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలారు. నీళ్ళు రావడం మంచిదే. మన పల్లెల్లోనూ ఆ నీళ్ళ వల్ల కూలి దినాలు పెరిగాయి, దాన్ని కాదనడం అన్యాయం. అయితే నీళ్ళతోపాటు పంట మారింది. జొన్నచేను పత్తిచేను అయింది, కంది సాలు పోయింది, గట్టు మీద చెట్టు నీడ పడి పంట దెబ్బతింటుందని చెట్టు పోయింది. డెబ్భైలు, ఎనభైలలో పత్తి మన జిల్లాలకు 'తెల్ల బంగారం'.

ఎనభైల మొదట్లో పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. కొట్టిన సాయంత్రానికే పురుగు రాలేది. ఆ సంబరం నాలుగైదేళ్ళు కూడా నిలవలేదు. మందు పురుగునే కాదు, పురుగును తినే పురుగునూ చంపింది. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు పోయాయి. శనగపచ్చ పురుగు మందుకు లొంగడం మానేసింది. 1987-88లో తెల్లదోమ ప్రకాశం, గుంటూరు చేలను కమ్మేసింది. పురుగుమందుల కొట్లో అప్పు తీర్చలేక పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. దేశం రైతుల ఆత్మహత్యల గురించి మాట్లాడటం నేర్చుకోకముందే మన జిల్లాలు వాటిని చూశాయి. తరువాత 2002లో బీటీ పత్తి, 2006లో రెండో రకం బీటీ వచ్చాయి. కొన్నేళ్ళు పచ్చపురుగు తగ్గింది. అంతలో గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది.

పత్తి దెబ్బతీసిన చోట మిరప ఆదుకుంటుందనుకున్నారు. 2021లో మిరప పూతలో నల్లతామర పురుగు దిగింది. అది ఈ దేశపు పురుగు కాదు, ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. దేశంలో మొదట 2015లో కర్ణాటకలో బొప్పాయి మీద కనిపించింది. ఆరేళ్ళకు మన మిరపపూవులోకి చేరింది. రైతులు రెండు రోజులకొకసారి, మూడు రోజులకొకసారి మందు మార్చి మందు కొట్టారు. పూత రాలుతూనే ఉంది. ఎక్కువ మందులు కొట్టవద్దు, మిత్రపురుగులు పోతే ఇంకా పెరుగుతుంది అని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. ఎకరానికి లక్షలు పెట్టిన మనిషి చెవికి ఆ మాట ఎలా ఎక్కుతుంది? ఎనభై ఏడులో పత్తిలో జరిగిందే ముప్పై నాలుగేళ్ళ తరువాత మిరపలో జరిగింది. సరే, పురుగును తట్టుకుని పండించాక 2025లో ధర పడిపోయింది. క్వింటాలుకు 11,781 రూపాయలకు మార్కెట్ జోక్యం పథకం అని కేంద్రం ప్రకటించవలసి వచ్చింది. ఆ ధర పెట్టుబడికి చాలుతుందో లేదో గుంటూరు యార్డులో టిక్కీల మీద కూర్చున్న రైతును అడిగితే చెబుతాడు.

ఇదంతా రైతు కథ. ఇంతవరకు పేపర్లలోనూ వస్తుంది. ఇందులో రాని కథ మనది.

మందు ఎవరు కలుపుతారు? డ్రమ్ములో కర్రతో తిప్పేదెవరు? వీపున పంపు తగిలించుకుని గాలికి ఎదురు నడిచేదెవరు? మందు కొట్టిన మర్నాడే చేలో దిగి వంగి కోసేదెవరు? మిరపకోతకు పోయే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత చొక్కా వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని పోతారు. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మండుతుంటే బిడ్డను ఎత్తుకోవడానికి కూడా వెనకాడతారు. ఆ మంట కారందా, మందుదా అని ఏ డాక్టరూ విడదీసి చెప్పలేదు. కల్లంలో తాలుకాయ ఏరేవాళ్ళ దగ్గు కూడా అంతే. కర్నూలు పడమటి మండలాల నుంచి సుగ్గికి పిల్లాజెల్లాతో వచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకునేవాళ్ళు ఆ మందు డ్రమ్ముల పక్కనే వండుకు తింటారు. వాళ్ళ పిల్లలు ఆ మూడు నాలుగు నెలలు బడిలో ఉండరు. మన హాస్టల్‌లో సీటు దొరికిన మనం అదృష్టవంతులం అని ఊరికే అనడం లేదు.

ఇంకొక నష్టం ఉంది, దాన్ని ఎవరూ నష్టంగా రాసుకోలేదు. కలుపు తీతకు పోయిన ఆడకూలీలు సాయంత్రం కొంగులో కూర తెచ్చేవాళ్ళు. చెంచలికూర, పొన్నగంటి, గలిజేరు, దొగ్గలి, తుమ్మికూర. కూలి డబ్బులు ఆసామి ఎప్పుడిచ్చినా ఆ పూటకు కూర మాత్రం ఉండేది. కలుపుమందు వచ్చాక రెండూ పోయాయి, కలుపు తీసే పనీ పోయింది, కొంగులో కూరా పోయింది. కలుపుమందు తట్టుకునే పత్తి అని అనుమతి లేని విత్తనాలు 2017 ప్రాంతంలో మన రాష్ట్రంలోనూ బయటపడ్డాయి. అవి గట్టు మీద పచ్చగా ఉన్న ప్రతిదాన్నీ కాల్చడానికి వీలు కల్పించే విత్తనాలు. జీవవైవిధ్యం అనే మాట మనకు ఎం.ఎస్సీ. పుస్తకంలో కనిపించింది. మా నాయనమ్మలకు అది కొంగు ముడిలో ఉండేది.

మంచి ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. ఖమ్మం జిల్లా పునుకుల, వరంగల్ ప్రాంతపు ఏనెబావి గ్రామాలు ఇరవై ఏళ్ళ కిందటే పురుగుమందులు మానేసి చూపించాయి. 2004-05 నుంచి మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని వ్యవసాయం రాష్ట్రంలో విస్తరించింది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం నడుపుతోంది. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, మిగతా ఇద్దరితో కలిపి పది లక్షల యూరోల బహుమతి అది. మేము చూసిన కొన్ని చేలలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పారు. చేను చుట్టూ జొన్న, లోపల బంతి, ఆముదం. పిట్టలు వాలడానికి పంగల కర్రలు. ఇలాంటి చేలో నిలబడితే తేడా చెవికే తెలుస్తుంది, పిట్టల కూతలు వినిపిస్తాయి. 5 శాతం వేపగింజల కషాయానికి 100 లీటర్ల నీళ్ళకు 5 కిలోల గింజల పొడి చాలు. ఆ గింజ ఏరడం, ఎండబెట్టడం, దంచడం కూలీల ఇళ్ళకు ఎండాకాలం పని అవుతుంది. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు.

కానీ ఒక్క మాట అడగక తప్పదు. ఇది ఎవరి పథకం? పొలం ఉన్నవారిది. మన వాళ్ళకు పొలం ఎక్కడుంది? ఉంటే ఒక ఎకరం డి-పట్టా, లేదంటే కౌలు. గుంటూరు, ప్రకాశంలో మిరప, పత్తి చేలు ఎక్కువగా కౌలుదారులవే. కౌలు నోటిమాట మీద, ఏడాదికి. కౌలు డబ్బు ముందే ఇవ్వాలి. వచ్చే ఏడు ఈ చేను తనదో కాదో తెలియని మనిషి ఘనజీవామృతం పోసి మూడేళ్ళకు నేల బాగుపడుతుందని ఎదురుచూస్తాడా? గట్టున వేప మొక్క పెడతాడా? పెట్టినా దాని నీడలో ఇంకొకరు కూర్చుంటారు. 2019 చట్టం ప్రకారం కౌలురైతుకు సాగు హక్కు పత్రం రావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకునేవారెంతమంది? పత్రం లేకపోతే బ్యాంకు అప్పు లేదు. అప్పుడు అప్పిచ్చేది పురుగుమందుల కొట్టే. ఆ కొట్టతనే సలహాదారు కూడా. ఇక ఏ మందు కొట్టాలో ఎవరు చెబుతారో వేరే చెప్పాలా? కౌలు సమస్యను ముట్టుకోకుండా నేలను బాగుచేస్తామనే ప్రణాళిక ఏదైనా సరే, పునాది వదిలేసి గోడలకు సున్నం వెయ్యడం లాంటిదని మా అభిప్రాయం.

పొలాలు ఎవరివి వారివే అనుకుందాం. మరి పొలాల నడుమ ఉన్నదెవరిది? డొంక, వాగు గట్టు, చెరువు, మేత పోరంబోకు, కాలువ కట్ట, శ్మశానం. ప్రకృతి మిగిలి ఉంటే ఇక్కడే మిగిలి ఉంది. మొన్న ఎండాకాలం మేము కొందరం సెలవుల్లో తలా ఒక ఊరి డొంక వెంట నడిచాం. వెనుక బండ్లు రెండు ఎదురెదురుగా వస్తే తప్పుకునేవని పెద్దలు చెప్పే డొంకలో ఇప్పుడు ఒక ట్రాక్టరు ఇరుకుగా పోతోంది. ఇటునుంచి ఒక సాలు, అటునుంచి ఒక సాలు, ప్రతి ఏడాదీ కలుపుకుంటూ పోయారు. కలుపుకున్నవాళ్ళెవరో ఊరందరికీ తెలుసు. మన వాళ్ళు కాదు, చేను ఉంటేగదా డొంక కలుపుకోవడానికి!

ఇక్కడే మాకు భయం. రేపు ఎవరో పెద్దవాళ్ళు ప్రకృతి పునరుద్ధరణ అని మంచి ఉద్దేశంతోనే మొదలుపెడతారు. ఆక్రమణలు తొలగించాలంటారు. తొలగింపు ఎక్కడ మొదలవుతుంది? చెరువు శిఖంలో అర ఎకరం సాగు చేసుకునే పేదవాడి దగ్గర, వాగు ఒడ్డున గుడిసె వేసుకున్న యానాది దగ్గర. డొంక కలుపుకున్న పెద్ద ఆసామి దాకా ఆ కొలతగొలుసు ఎప్పుడూ రాదు. కాబట్టి వరుస ముందే రాసుకోవాలి. మొదట పెద్ద కమతాల్లో కలిసిపోయిన డొంక, వాగు గట్టు కొలవాలి. పేదల సాగులో ఉన్నదాన్ని చివర, అదీ వేరే భూమి చూపించాకే ముట్టుకోవాలి. ఇది రాయని ప్రణాళిక మీద మన వాళ్ళెవరూ వేలిముద్ర వెయ్యకూడదు.

చెరువు మాట వస్తే మన పల్లెలకు ఇంకొకటి కూడా గుర్తుకొస్తుంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే మంచినీళ్ళ చెరువు దగ్గర. గొడ్లకు పెట్టిన కుడితి బకెట్టు కడిగి ఆ నీటిని పాడుచేస్తుంటే ఇదేమిటని అడిగినందుకు. దానికి యాభై ఎనిమిదేళ్ళ ముందు, 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నారు. చెరువు శుభ్రంగా ఉండాలి అనేది మనకు పర్యావరణ వారోత్సవాల్లో వచ్చిన ఆలోచన కాదు. అందుకోసం మన వాళ్ళు ప్రాణాలిచ్చారు. అలాంటప్పుడు చెరువు బాగుచేసే కమిటీలో మనకు ఒక సభ్యుడు చాలులే అంటే ఎలా ఒప్పుకుంటాం?

కమిటీ అన్నాం కాబట్టి చట్టం సంగతి. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ ఊళ్ళో ఉన్న చెట్టు, చేమ, పశువు, పిట్ట, విత్తనం, వాటి గురించి జనానికి తెలిసిన విద్య అంతా ఒక రిజిస్టరులో రాయాలి. 2004 నాటి కేంద్ర నిబంధనల్లో కమిటీ సభ్యుల్లో మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాలని స్పష్టంగా ఉంది. 2023లో చట్టాన్ని సవరించి సభ్యుల సంఖ్య ఏడు నుంచి పదకొండు మధ్య ఉండాలని, కూర్పు రాష్ట్రాలు నిర్ణయించాలని అన్నారు. బాగుంది. మీ ఊళ్ళో ఆ కమిటీ ఉందా? ఉండే ఉంటుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, ఆ తరువాత రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయల చొప్పున కట్టాలనేసరికి దేశమంతా హడావుడిగా కమిటీలు, రిజిస్టర్లు తయారయ్యాయి. ఇప్పుడు దేశంలో రెండున్నర లక్షలకు పైగా కమిటీలున్నాయి. మేము నడిచిన ఊళ్ళలో అడిగితే, తాము అందులో సభ్యులమని తెలియని సభ్యులు కూడా ఉన్నారు. ఒక పెద్దమ్మ అయితే, 'నా పేరుతో అప్పేమన్నా తీశారా నాయనా' అని భయపడింది. నవ్వు వచ్చింది గాని, ఆమె భయం న్యాయమైనదే. మన పేర్లు వాడుకున్న కాగితాలతో మనకు ఉన్న అనుభవం అదే కదా.

ఎక్కడో ఇంగ్లండులో 2021 పర్యావరణ చట్టం కింద దేశాన్ని 48 ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతానికి ప్రకృతి పునరుద్ధరణ ప్రణాళిక, పటంతో సహా, తయారు చెయ్యమన్నారు. ఎక్కడ ఏముంది, ఎక్కడ ఏం చేస్తే మేలు అని ఊరివాళ్ళతో, రైతులతో కూర్చుని గుర్తించే పని అది. 2022లో మాంట్రియల్‌లో దాదాపు ప్రపంచ దేశాలన్నీ, మన దేశంతో సహా, 2030 నాటికి చెడిపోయిన నేల, నీటి ప్రాంతాల్లో 30 శాతాన్ని బాగుచేసే పనిలో ఉండాలని ఒప్పుకున్నాయి. మన దగ్గర చట్టం వాళ్ళకంటే దాదాపు ఇరవై ఏళ్ళ ముందే వచ్చింది. మనకు లేనిది పటం. ఒక్కో ఊరి రిజిస్టరు ఆ ఊరి బీరువాలో ఉంటే వాగు బాగుపడదు. ఓగేరు, కుప్పగంజి, నక్కవాగు నల్లమడలో కలిసి బాపట్ల వైపు సముద్రంలోకి పోతాయి. పై ఊళ్ళో గట్టు తవ్వి, మందు సీసాలు వాగులో పారేస్తే కింది ఊళ్ళో చెరువు ఎంత పూడిక తీసినా ప్రయోజనం లేదు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, విజయనగర కాలంనాటి కంభం చెరువును నింపి, అద్దంకి మీదుగా ఒంగోలు దాటి సముద్రానికి పోతుంది. 2020లో కంభం చెరువుకు ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. గుర్తింపు పలకాన్ని చూసి నీళ్ళు రావు. ప్రణాళిక వాగును బట్టి ఉండాలి, ఒక వాగు మీద ఉన్న పంచాయతీలన్నీ కలిసి కూర్చోవాలి. మండలాన్ని బట్టి చేసే ప్రణాళిక మండలాఫీసు సౌకర్యానికే.

ఇక్కడ చిల్లచెట్టు గురించి చెప్పాలి, ఎందుకంటే దాని మీద మాలో మాకే గొడవ జరిగింది. చిల్లచెట్టు, కొన్నిచోట్ల సర్కారు తుమ్మ అంటారు, పరాయి దేశపు చెట్టు. నీళ్ళు తాగేస్తుంది, కింద గడ్డి మొలవనివ్వదు, చెరువులను కమ్మేసింది, మొత్తం పీకెయ్యాలని బోటనీ చదివిన మిత్రులు అంటారు. శాస్త్రం ప్రకారం వాళ్ళ మాట నిజమే. మరి మన ఇళ్ళలో పొయ్యిలోకి పుల్ల ఎక్కడిది? బొగ్గు బట్టీల మీద బతికే కుటుంబాల మాటేమిటి? మేకలకు ఎండాకాలం ఆ కాయలే మేత. ఇంకా విచిత్రం చూడండి, గుంటూరు పక్కన పెదకాకాని మండలం ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వేల సంఖ్యలో గూళ్ళు పెట్టేది ఆ తుమ్మచెట్ల మీదే. అడవి లేదు, కంచె కట్టిన అభయారణ్యం లేదు. ఊరి నడిబొడ్డున ఓ చిన్న చెరువు, పిట్టలను కొట్టని ఊరివాళ్ళు, అంతే. కాబట్టి ఒకేసారి పీకడానికి మేము వ్యతిరేకం. వాగు గట్టున ఒక వంతు తీసి అక్కడ వేప, కానుగ, చింత, తెల్లతుమ్మ పెట్టాలి. అవి పుల్లకు వచ్చాక రెండో వంతు తియ్యాలి. తీసిన కట్టె పేటకే చెందాలి, వేలంపాటకు కాదు. ఇంతకంటే మంచి మార్గం ఉంటే చెప్పండి, వింటాం.

హాస్టల్ పిల్లలకు ఈ గోలంతా ఎందుకు, బుద్ధిగా చదువుకుని ఉద్యోగం తెచ్చుకోండి అనే పెద్దలుంటారు. ప్రేమతోనే అంటారు. ఉద్యోగం మాకూ కావాలి, గ్రూప్-2 పుస్తకాలు మా ట్రంకు పెట్టెల్లోనూ ఉన్నాయి. అయితే ఈ పనికి మనకంటే తగినవాళ్ళు ఎవరో చెప్పండి. ఈ హాస్టల్లో ఒక్కో గదిలో నాలుగైదు మండలాల పిల్లలుంటారు. ఒక వాగు పొడవునా ఉన్న ఊళ్ళన్నీ మన మెస్ హాల్లో ఒక బల్ల మీద కూర్చుని భోంచేస్తున్నాయి. పురుగు పేరు శాస్త్రంలో తెలిసినవాడూ మన దగ్గరే ఉన్నాడు, అదే పురుగును ఊళ్ళో ఏమంటారో తెలిసిన అమ్మమ్మా మన ఇంట్లోనే ఉంది. ఎలుకలు పట్టే యానాదులకు చేలో ఏ గుడ్లగూబ ఎక్కడుంటుందో తెలుసు. గొర్రెల కాపరికి ఏ బీట్లో ఏ గడ్డి ఎప్పుడు మొలుస్తుందో తెలుసు. తొలకరికి నేల మీద ఎర్రగా పాకే ఆరుద్ర పురుగును ఈ సంచిక చదువుతున్న చిన్న తరగతుల తమ్ముళ్ళలో ఎంతమంది చూశారు? చూసినవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ చేలో చూశారు? అది రాసుకుంటే చాలు, మందు తక్కువ పడిన నేల ఎక్కడ మిగిలిందో పటం మీద ఒక చుక్క పడుతుంది.

అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీలో టీచర్లున్నారు, పంచాయతీ కార్యదర్శులున్నారు, 2019 తరువాత గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకులుగా, సర్వేయర్లుగా చేరినవాళ్ళున్నారు. వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని, మెస్‌కు ఒక మిక్సీయో ఫ్యానో ఇచ్చి వెళ్తున్నారు. సంతోషం. ఈసారి దానికి బదులు మీ పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టరు నకలు ఒకటి, డొంకలు, వాగులు, పోరంబోకులు ఉన్న గ్రామ నక్ష ఒకటి తెచ్చివ్వండి. అడిగితే దొరికే కాగితాలే అవి, కానీ మా నాన్న అడిగితే రేపు రమ్మంటారు, మీరు అడిగితే కూర్చోమంటారు.

ఈ ఎండాకాలం మేము ఓగేరు వెంట మొదలుపెట్టాలనుకుంటున్నాం, మొదటి ఏడు పది ఊళ్ళు మించకుండా. ఒక్కో ఊరికి ఇద్దరు, అందులో ఒకరు ఆ ఊరి విద్యార్థి, వీలైతే ఒకరు చెల్లెలు, ఎందుకంటే కోతకు పోయే ఆడవాళ్ళు మగపిల్లలతో అన్నీ చెప్పరు. రాయవలసినవి నాలుగు: డొంక, వాగు గట్టు ఇప్పుడు ఎంత వెడల్పు, నక్షలో ఎంత, ముప్పై ఏళ్ళ కింద ఉండి ఇప్పుడు లేని కూర, గడ్డి, పిట్ట, విత్తనం ఏవి, మందు కొట్టేవాళ్ళకు, కోతకు పోయేవాళ్ళకు ఆ రోజుల్లో ఒంట్లో ఎలా ఉంటుంది, పేట మనుషులు తమ ఊళ్ళో ఏది మొదట బాగుపడాలని కోరుతున్నారు. నాలుగోది మర్చిపోవద్దు. పంచాయతీరాజ్ చట్టం గ్రామసభకు చెప్పిన తేదీల్లో ఏప్రిల్ 14 ఒకటి. ఆ రోజు మనవాళ్ళందరూ ఎలాగూ ఊళ్ళోనే ఉంటారు, విగ్రహానికి దండ వేశాక అక్కడి నుంచి నేరుగా సభకు పోవచ్చు. కాగితం చదవడానికి గొంతు కావాలి, ఆ పని మనది. సంతకాలు పేటవాళ్ళవి. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు పరీక్షలు అయిన వారంలోపు మెస్ హాల్ నోటీసు బోర్డు మీద అంటించిన కాగితంలో రాయండి. మీ ఊరు పేరుతోపాటు మీ ఊరి వాగు పేరు కూడా రాయండి, తెలియకపోతే ఇంటికి ఫోను చేసి అడిగి రాయండి.